వరిగడ్డి చివికి యెరువగు విధము

నెల్లూరు తీరమున పెన్న కాలువల క్రింద వరిగడ్డికి కొదువ లేదు. చేరువనున్న ఇసుకనేలలకు సారమే కొదువ. ఇసుకలో నీరును, ఎరువుసారమును నిలువక క్రిందికి దిగిపోవును. వానిని పట్టి యుంచునది చివికిన ఆకు, గడ్డి, పేడల వలన గలుగు నల్లని పదార్థము.

ఈ చివుకుట జీవుల పని. చెదలు, వానపాములు చెత్తను తునియలు చేయును. బూజుజాతులును, కంటి కగపడని సూక్ష్మజీవులును దానిని తిని, పైరునకు పనికివచ్చు లవణములుగా విడదీయును. వీనికి గాలి, తేమ, నత్రజని కావలెను. వరిగడ్డిలో నత్రజని మిక్కిలి తక్కువ. కావున చివుకని గడ్డిని దున్ని వెంటనే నాటినచో, ఈ జీవులు నేలలోని నత్రజనిని తామే గ్రహించును. పైరు కొంతకాలము పసుపుబారును. పూతనాటికి దున్నిన లేత జీలుగ, జనుములలో నత్రజని హెచ్చగుటచే నవి శీఘ్రముగా చివుకును. గడ్డిని కాల్చినచో నత్రజని పొగలో పోయి బూడిద మాత్రము మిగులును.

ఇండోరు సంస్థానమున ఆల్బర్టు హోవర్డు దొర 1924 మొదలు 1931 వరకు పనిచేసి యొక పద్ధతిని స్థిరపరచెను. గడ్డి, చెత్త, పేడ, పశువుల మూత్రముతో తడిసిన మన్ను, కొంచెము బూడిద పొరలుగా పేర్చి, తడుపుచు, మూడు మారులు తిరుగవేసినచో సుమారు 3 నెలలలో ఎరువు సిద్ధమగును. కుప్పలో నీరు నిలువరాదు. గాలి యాడనిచో నది కుళ్ళి దుర్వాసన కొట్టును.

కావున రైతులు మేతకు మించిన గడ్డిని కాల్పక, ముందు కుప్పలో చివుకనిచ్చి, పిమ్మట చేనికి తోలుకొనవలెను.