అర సెకను తేడాను వదలని మనిషి

మామూలుగా 0.3 సెకనులో అయ్యే లాగిన్‌కి ఒక రోజు 0.8 సెకను పట్టింది. తేడా అర సెకను. మీరైతే పట్టించుకునేవారా?

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రోయిండ్ పట్టించుకున్నాడు. ఆయన మైక్రోసాఫ్ట్‌లో ఇంజనీరు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేస్తాడు. హ్యాకర్లను పట్టుకోవడం ఆయన ఉద్యోగం కాదు. డేటాబేస్ వేగాన్ని కొలుస్తుంటే, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాం ప్రాసెసర్‌ని అవసరానికి మించి వాడుకుంటోందని కనిపించింది. కొన్ని వారాల క్రితం వేరే పరీక్షలో వచ్చిన అంతుపట్టని ఎర్రర్ కూడా గుర్తొచ్చింది. రెండిటినీ కలిపి తవ్వుకుంటూ పోతే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో దాచిన బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, బయటపడింది. మార్చి 29న లోకానికి చెప్పేశాడు. అప్పటికది ఎక్కువగా కొన్ని లినక్స్‌ల పరీక్ష వెర్షన్లలోకే చేరింది. ఎవరూ గమనించకపోతే కొద్ది నెలల్లో అసలు సర్వర్లలోకీ పాకి ఉండేదేమో.

ఇందులో మేధస్సు ఉంది, కాదనను. కానీ నన్ను కట్టిపడేసింది మాత్రం ఆయన ఓపిక. ‘ఏదో అయుంటుందిలే’ అని అనుకోకపోవడం. ఈ గుణం ఎవరైనా అలవాటు చేసుకోవచ్చు.

ఇంతకీ ఆ బ్యాక్‌డోర్ లోపలికి ఎలా వచ్చింది? గోడ దూకి రాలేదు. సాయం చేస్తానంటూ వచ్చింది. 2021 నుంచి జియా టాన్ అనే పేరుతో ఎవరో ఆ ప్రాజెక్టుకి మర్యాదగా, నిదానంగా సాయం చేస్తూ వచ్చారు. దాన్ని చూసుకునే లాస్సె కాలిన్‌ది జీతం లేని చాకిరీ. ఆరోగ్యం సహకరించడం లేదని 2022లో ఆయనే చెప్పుకున్నాడు. అదే సమయంలో కొత్త కొత్త పేర్లతో కొందరు ‘పనులు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి అప్పగించు’ అని ఒత్తిడి పెట్టారు. ఆయన జియా టాన్‌కి కొంత బాధ్యత అప్పగించాడు; బ్యాక్‌డోర్ ఆ చేతుల మీదుగానే వచ్చింది. నేను ఆయన్ని తప్పు పట్టను. అలసిపోయినప్పుడు, ఎవరో తొందరపెడుతున్నప్పుడు తీసుకునే నిర్ణయాలను మర్నాటికి వాయిదా వేయాలన్న సంగతి మాత్రం మనం గట్టిగా పట్టుకోవాలి.

మన ఇంట్లో కంప్యూటర్ దగ్గరా జరిగేది ఇదే. శుభలేఖ సాయంత్రానికి ప్రింటుకి వెళ్లాలి. డీటీపీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు లేదు. ఎక్కడి నుంచో ‘క్రాక్’ దిగుతుంది. దాని రూపం గమనించండి: తరచూ పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలు, పక్కనే చిన్న నోట్. ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని అందులో రాసి ఉంటుంది. పాస్‌వర్డ్ ఎందుకంటే, లోపలేముందో యాంటీవైరస్‌కి కనపడకుండా ఉండటానికి. కాపలావాణ్ణి పక్కకి పంపమని అడిగేవాడు ఎలాంటివాడో ఆ ఒక్క వాక్యమే చెబుతోంది. తొందరలో ఉన్నవాళ్లు దాన్ని చదివి కూడా చదవరు.

బ్యాక్‌డోర్ హడావుడి చెయ్యదు. తెరమీద బొమ్మలు రావు, ఫైళ్లు మాయం కావు. అందుకే చిన్న తేడాలను వెతకాలి. విండోస్ సెక్యూరిటీలో ‘ఎక్స్‌క్లూజన్స్’ జాబితా తెరవండి. మీరు చేర్చని ఫోల్డరు అక్కడ కనబడితే అది తీవ్రమైన విషయం. కొన్ని మాల్వేర్‌లు ముందుగా చేసే పనుల్లో ఒకటి ‘నన్ను వెతకొద్దు’ అని తమ చోటు అక్కడ రాయించుకోవడం. టాస్క్ షెడ్యూలర్‌లో, స్టార్టప్ యాప్‌లలో మీకు తెలియని పేర్లున్నాయేమో చూడండి. ఎవరో ‘కస్టమర్ కేర్’ చెప్పాడని, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ లాంటివి వేయించుకుని మర్చిపోయారేమో గుర్తు తెచ్చుకోండి.

అనుమానం బలపడితే మొదట ఇంటర్నెట్ తీసేయండి. అవతలివాడికి అందే తీగ అదొక్కటే. తర్వాత ఆ కంప్యూటర్ ముట్టుకోకుండా, అనుమానం లేని ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. ఈమెయిల్ మొదట, బ్యాంకు తర్వాత. పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకండి, ‘అన్ని పరికరాల నుంచి లాగవుట్’ కూడా నొక్కండి. లాగిన్ అయి ఉన్న గుర్తును దొంగిలించినవాడికి కొత్త పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే దారి తెరిచి ఉండొచ్చు. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. అది విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి, నడుస్తున్న విండోస్‌లో దాక్కునే వాటికి తప్పించుకోవడం కష్టం. మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలోనూ ఉచిత టూల్స్ ఉన్నాయి.

స్కాన్ ‘శుభ్రం’ అన్నా మనసు ఒప్పకపోతే? చెరిపేసి మళ్లీ విండోస్ వేయండి. నా అభిప్రాయం ఇందులో ఖచ్చితం: ఒక్కసారి బయటివాడి చేతికి చిక్కిన యంత్రాన్ని అతుకులేసి నమ్మడం కంటే ఒక ఆదివారం పోగొట్టుకోవడం మేలు. ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌ను వేరే శుభ్రమైన కంప్యూటర్‌లో తయారు చేసుకోండి. చెరిపేసే ముందు ఫొటోలు, పత్రాలు దాచుకోండి. పాత సెటప్ ఫైళ్లు మాత్రం ఒక్కటి కూడా వెనక్కి తేవద్దు.

వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది, సిగ్గు. ఆఫీసు కంప్యూటర్‌లో క్రాక్ వేసిన కుర్రాడు మేనేజరుకి చెప్పడు. మోసగాడికి స్క్రీన్ చూపించిన పెద్దాయన కొడుక్కి చెప్పరు. ఆ మౌనంలో గడిచే ప్రతి గంటా అవతలివాడికి లాభం. డబ్బు పోయుంటే అర్ధరాత్రయినా సరే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మీ ఇంట్లో ఎవరైనా వచ్చి ‘ఇలా జరిగింది’ అంటే తిట్లకు దిగకండి. ఏం నొక్కారో, ఎప్పుడు నొక్కారో నెమ్మదిగా అడగండి. శుభ్రం చేయడానికి కావలసిన సమాచారం మీకు వాళ్ల దగ్గరే దొరుకుతుంది. ఆ కంప్యూటర్ నుంచి ఈ మధ్య ఎవరెవరికి పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు ఇచ్చారో కూడా కనుక్కుని, వాళ్లకీ కబురు చేయండి.