పరాయి దేశంలో పరపతి

"పరపతి" అనే మాటకు తెలుగులో రెండర్థాలున్నాయి. ఒకటి పలుకుబడి, రెండోది అప్పు పుట్టే యోగ్యత. మన పల్లెల్లోని సహకార పరపతి సంఘాల పేరులో వున్నది ఈ రెండోదే. పై చదువులకు అమెరికా వెళ్ళిన విద్యార్థికి, విమానం దిగేసరికి ఈ రెండూ సున్నా. అక్కడ చదివిన రెండేళ్ళలో నేను తెలుసుకున్నది వెళ్ళబోయేవారికి పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన ఊళ్ళో కిరాణాకొట్టు ఆసామి "ఫలానావారి అబ్బాయి" అని అరువిస్తాడు. అక్కడ ఆ ఫలానాకు బదులు ఒక రికార్డు వుంటుంది. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు సంస్థలు మనుషుల అప్పుల చరిత్రను నమోదు చేస్తాయి. దాన్నిబట్టి 300 నుంచి 850 వరకు మార్కులు పడతాయి. 1989లో వచ్చిన ఫైకో స్కోరు వీటిలో ప్రసిద్ధమైనది. ఇల్లు అద్దెకిచ్చేవారూ, కారుకు అప్పిచ్చేవారూ ముందుగా చూసేది దీన్నే. మన సిబిల్ స్కోరు ఎంత గొప్పదైనా ఆ లెక్కలో కలవదు. స్కోరు లేదనగానే నాకు గది చూపించినాయన రెండు నెలల అద్దె అదనంగా అడ్వాన్సు అడిగాడు. ఇంట్లోవాళ్ళు పొలం తాకట్టు పెట్టి పంపిన డబ్బు ఇలాగే మొదటి నెలలోనే కరిగిపోతుంది.

మరి చేయవలసిందేమిటి? మొదట బ్యాంకు ఖాతా. సోషల్ సెక్యూరిటీ నంబరు విద్యార్థికి పని దొరికితేనే వస్తుంది. అది లేకున్నా పాస్‌పోర్టు, వీసా, ఐ-20 చూపితే ఖాతా తెరిచే బ్యాంకులున్నాయి. అయితే ఖాతాలో ఎంత సొమ్మున్నా, డెబిట్ కార్డు ఎంత వాడినా స్కోరు పుట్టదు. ఆ లెక్క "నీ దగ్గర ఎంత వుంది?" అని అడగదు, "తీసుకున్నది గడువుకు తీర్చావా?" అని అడుగుతుంది.

దీనికి తేలిక దారి సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు. 300 డాలర్లు డిపాజిట్ చేస్తే మామూలుగా అంతవరకే వాడుకోనిస్తారు. దానిమీద బియ్యం, కూరలు కొని, బిల్లు గడువులోగా పూర్తిగా కట్టేస్తే వడ్డీ పడదు. కనీసం ఆరు నెలలు గడిస్తేగాని ఫైకో స్కోరు రాదు. అందులో 35 శాతం గడువుకు కట్టినందుకు, 30 శాతం బాకీల మొత్తాన్నిబట్టి. అందుచేత పరిమితిలో మూడోవంతు దాటకుండా వాడటం మంచిది. నెల దాటిన ఆలస్యం రికార్డుకెక్కితే ఏడేళ్ళు చెరగదు. కార్డు మీద కార్డుకు దరఖాస్తు పెట్టినా మార్కులు తగ్గుతాయి.

ఇంకొక్క మాట. స్నేహితుడి కారు అప్పుకు హామీ సంతకం పెట్టేముందు బాగా ఆలోచించండి. అతను కట్టకపోతే కట్టవలసింది మీరు, చెడేది మీ రికార్డు. మొహమాటం ఒక్క నిమిషమే, బాకీ ఏళ్ళ తరబడి.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఫీజులతోపాటు అడ్వాన్సుల డబ్బు కూడా ఇక్కడే లెక్క కట్టుకుని బయలుదేరండి. డిగ్రీకి రెండేళ్ళు ఓపిక పట్టేవారికి, పరపతికి ఆరు నెలలు ఓపిక పట్టడం కష్టం కాదు.