బుల్లెట్‌కు బోరు కన్నా ముందు బ్రీదర్

ప్రశ్న: మా నాన్నగారి పాత బుల్లెట్ 350కి ప్యాకింగులన్నీ మార్చినా ఆయిల్ కారుతోంది. బోరు చేయించాలంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, అవనిగడ్డ

జవాబు: తొందరపడకండి. ముందు బ్రీదర్ చూడండి. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ క్రాంక్‌కేసులోని గాలి బయటికి పోవాలి, పైకి లేచినప్పుడు తిరిగి లోపలికి రాకూడదు. పాత బుల్లెట్లలో ఈ పని చేసేది బాతు ముక్కులాంటి చిన్న రబ్బరు వాల్వు. అది గట్టిపడి పెదవులు అతుక్కుపోతే గాలికి దారి ఉండదు. ఆ ఒత్తిడికి కొత్త ప్యాకింగు పక్కనుంచైనా ఆయిల్ తోసుకొస్తుంది. వాల్వు ఊడదీసి తుడిచి, ఇంజిన్ వైపు నుంచి ఊదండి: గాలి పోవాలి. పీలిస్తే రాకూడదు. తేడా ఉంటే మార్చేయండి, ఖరీదు తక్కువే. బ్రీదర్ గొట్టం చివర చేలగట్ల బురద పట్టిందేమో కూడా చూడండి. ఆయిల్ కారుతోందని ఆ గొట్టానికి బిరడా కొట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి మీగడలా కనిపిస్తే అది చెమ్మ. మన తీరప్రాంతంలో బండిని వీధి చివరిదాకే తిప్పితే అలాగే పడుతుంది. అప్పుడప్పుడు మచిలీపట్నం దాకా నడపండి, ఇంజిన్ బాగా వేడెక్కి చెమ్మ ఆవిరవుతుంది. కొత్త వాల్వు వేశాక కూడా గొట్టంలోంచి పొగ బలంగా తన్నుతూ, సైలెన్సర్ నీలిపొగ వదులుతుంటే రింగులు అరిగినట్టే. బోరు సంగతి అప్పుడు చూద్దాం.