తన పశువును ఎరిగినవాడు

పాఠ్యభాగము: సామెతలు 12:10, లూకా 10:33–35

ప్రియులారా, ఇండ్లలో పెంచుకొను పిల్లిని గూర్చి మన 66 గ్రంథములలో ఎక్కడను చెప్పబడలేదు. అయినను సామెతల గ్రంథకర్త పశువును గూర్చి చెప్పిన మాట పిల్లికి చెల్లదని ఎవరు అనగలరు? మన తెలుగు బైబిలులో ఆ వచనము దయను గూర్చి చెప్పుచున్నది. హెబ్రీ మూలములోనైతే అక్కడ ఉన్న క్రియకు ఎరుగుట అని అర్థము. మొదటి కీర్తన చివరి వచనములో దేవుడు నీతిమంతుల మార్గమును ఎరుగుటను గూర్చి వ్రాయబడినదియు ఈ క్రియతోనే. సామెతలోని రెండవ భాగము భక్తిహీనుల కనికరము క్రూరమని తెలుపుచున్నది. అది దుష్టులను గూర్చిన మాటయే గాని, ఏమియు తెలిసికొనకుండ దయ చూపు మనవంటివారికిని అందులో హెచ్చరిక కలదు.

మన పల్లెలలో కొందరు ఆడ పిల్లికూనకు పశువుల ఆసుపత్రిలో పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించుచున్నారు. ఇది సృష్టికర్త పనికి అడ్డు వచ్చుట కాదా అని స్త్రీల సమాజములో అడుగువారు కలరు. అయిదు నెలల కూనయే చూలు కట్టగలదు. సుమారు 63 దినములకు ఈనును. ఏడాదికి రెండు మూడు ఈతలు సాధ్యము. పుట్టిన కూనలను గోనెసంచిలో కట్టి కాలువ అవతల విడిచి వచ్చుట మనకు తెలిసినదే. ఆ సంచికంటె ఈ కత్తి దయగలదని నా తలంపు.

ఆపరేషనులో గర్భసంచిని, అండాశయములను తీసివేయుదురు. మత్తు వదలువరకు కూన తూలుచుండును, దాని ఒళ్లు చల్లబడును. కావున నేలమీదనే గంపలో పాత చీర పరచి, గోరువెచ్చని నీళ్లసీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన ఉంచవలెను. పొయ్యి దగ్గరను, మంచముమీదను పెట్టరాదు. తల నిలుపగలిగిన తరువాతనే నీళ్లు, ఆ పిమ్మట కొద్దిగా మేత. ఆకలితో ఉన్నదని జాలిపడి గిన్నెడు పాలు పోసినయెడల కక్కుకొనును.

తల్లులారా, ఒక సంగతి మరువకుడి. అది మూలుగుచున్నదని మనము జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ బిళ్లను పొడిచేసి పెట్టకుడి. ఆ మందును విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. రక్తము ప్రాణవాయువును మోయలేకపోవును. ఒక్క బిళ్లతోనే చావగలదు. పెట్టిన చేయి ప్రేమగల చేయియే! ఫినాయిలు, డెట్టాలు, కిరసనాయిలు గాయముపై పూయుటయు అట్టిదే, ఏలయనగా పిల్లి పూసినదంతయు నాకి మ్రింగును. డాక్టరు ఇచ్చిన మందు మాత్రమే వాడవలెను. గాయమును తడుపరాదు, స్నానము చేయింపరాదు. కుట్లు నాకకుండ మెడకు గరాటువలె అట్ట కట్టుదురు. దాని అవస్థ చూచి పిల్లలు విప్పివేయకుండ కనిపెట్టుడి.

సమరయుడు గాయములు కట్టి అంతటితో తన దారిన పోలేదు. సత్రములో ఆ రాత్రి పరామర్శించి, రాబోవు దినముల ఖర్చును కూడ తనమీద వేసికొనెను. కూన విషయములో కష్టమైనవి ఈ రాబోవు దినములే. మరునాటికే అది ఎగిరి గంతులు వేయగోరును. పైచర్మము అతికినట్లు కనబడినను లోపలి కండ అతుకదు. అటక ఎక్కి దూకినయెడల కుట్లు తెగును. 10 మొదలు 14 దినములవరకు ఒక గదిలోనే ఉంచవలెను. దొడ్డికి ఇసుకకు బదులు చింపిన వార్తాపత్రిక వేసినయెడల గాయములో రేణువులు చేరవు. తలుపు దగ్గర అది ఏడ్చుచుండగా వినుట సులువు కాదు.

ఉదయ సాయంకాలములు గాయమును చూడుడి. కుట్ల క్రింద చిన్న గట్టితనము సాధారణమే. చీము, దుర్వాసన, విచ్చుకొనిన సందు కనబడినను, ఒక దినమంతయు మేత ముట్టకున్నను డాక్టరునొద్దకు తీసికొనిపొండి. చిగుళ్లు తెల్లబడి, ఒళ్లు చల్లనై, మరునాటికిని లేవలేకున్నయెడల లోపల రక్తము కారుచున్నదేమో. అప్పుడు గడియయైనను ఆలస్యము కూడదు. కుట్లు కరగిపోవు దారముతో వేసినవో, తీయించవలసినవో ఆపరేషను దినముననే అడిగి తెలిసికొనుడి. తీయించవలసినవైతే డాక్టరు చెప్పిన దినమున తీసికొనిపోయి, ఆయన చూచి సరే అనిన తరువాతనే పెరటి తలుపు తెరువుడి.