కొర్రలు తింటే ఇన్సులిన్ మానేయొచ్చా?

మన కొర్రల వీడియో చూసి ఒక అమ్మ ఫోన్ చేశారు. "బాబూ, మా పాపకి తొమ్మిదేళ్లు. టైప్ 1 షుగర్. రోజుకి నాలుగు సూదులు. మీ కొర్రలు పెడితే సూదులు మానేయొచ్చా?" అని అడిగారు. కొర్రలు పండించి అమ్ముకునేవాణ్ణే నేను. అయినా "మానకూడదమ్మా" అనే చెప్పాను. నేను డాక్టర్ని కాదు, అగ్రికల్చర్ డిప్లొమా చదివిన రైతుని. కానీ మా అక్క కొడుక్కీ ఇదే జబ్బు. వాడి దగ్గర నేర్చుకున్నదే రాస్తున్నాను.

టైప్ 1లో ఇన్సులిన్ తయారుచేసే క్లోమంలోని కణాలను ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే నాశనం చేస్తుంది. చెరువు నిండా నీళ్లున్నా తూము తెరవకపోతే మడి ఎండిపోతుంది కదా! అలాగే రక్తంలో చక్కెర ఉన్నా ఇన్సులిన్ లేకపోతే ఒంటికి అందదు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుక్కున్నారు. 1922 జనవరిలో 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇచ్చారు. అంతకుముందు తిండి బాగా తగ్గించి పిల్లల్ని కొన్నాళ్లు నిలబెట్టేవాళ్లు, అంతే. ఒట్టి పథ్యంతో ఈ జబ్బు ఆగదని అప్పుడే తేలిపోయింది.

మరి చిరుధాన్యాల వల్ల లాభం లేదా? ఉంది. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములు, రాగుల్లో దాదాపు 67. పీచు ఎక్కువ కాబట్టి చక్కెర సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. కానీ అదే రాగుల్ని మెత్తగా పిండి పట్టించి పలుచగా జావ కాస్తే చక్కెర త్వరగా ఎక్కుతుంది.

ఇక నేను చేసిన తప్పు. వేసవి సెలవుల్లో మావాడు వచ్చినప్పుడు అన్నం బదులు కొర్రన్నం పెట్టాను. గిన్నె అదే, ఇన్సులిన్ డోసూ అదే. రెండు గంటల్లో చెమటలు, వణుకు. మీటర్‌లో 58. తిండిలో పిండిపదార్థం తగ్గింది, అరుగుదల నెమ్మదించింది. సూది మాత్రం అన్నానికి సరిపడా పడింది. మంచి తిండే పెట్టాను, లెక్క చూసుకోలేదు.

అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి:

1. ధాన్యం మార్చేముందు డాక్టర్‌తో, డైటీషియన్‌తో మాట్లాడి డోసు సరిచేయించుకోండి.
2. గిన్నెతో కాదు, తూకంతో కొలవండి. కొత్త తిండికి ముందు, తిన్న రెండు గంటలకు షుగర్ చూసి రాసుకోండి.
3. 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.
4. జ్వరం వచ్చినా, తిండి తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపొద్దు. ఎంత వేయాలో డాక్టర్‌ని అడగండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకండి.

ఆ అమ్మకి కొర్రలు పంపాను. సంచిలో ఒక చీటీ కూడా పెట్టాను: "సూది మానకండి, తూచి వండండి." కొర్రన్నం వండే పద్ధతి, కొలతలతో సహా, పై వీడియోలో ఉంది, చూడండి.