బ్యాటర్ అడ్డు వస్తే...

క్రికెట్‌లో ఫీల్డర్లను కావాలని ఆటంకపరిచిన బ్యాటర్‌ను అవుట్ చేస్తారని మనకు తెలుసు. బేస్‌బాల్‌లోనూ ఇలాంటి నియమం ఉంది. అయితే క్యాచర్‌కు బ్యాటర్ అడ్డు వచ్చిన సందర్భంలో, కావాలని చేశాడా లేదా అని అక్కడ చూడరు. ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

హోమ్ ప్లేట్ పక్కన 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న గడిలో బ్యాటర్ నిలబడతాడు. అతని వెనుక క్యాచర్ కూర్చుంటాడు. పిచర్ బంతి వేయగానే మొదటి బేస్ దగ్గరి రన్నర్ రెండో బేస్‌కు పరుగు తీశాడనుకుందాం. క్యాచర్ బంతిని అటు విసరాలి. ఇంతలో బ్యాటర్ మొదటి స్ట్రైక్‌కు బ్యాట్ గట్టిగా ఊపి, తూలి, గడి దాటి క్యాచర్‌కు అడ్డు వచ్చాడు. అప్పుడు బ్యాటర్ అవుట్. రన్నర్ మొదటి బేస్‌కు తిరిగి వెళ్లాలి. అడ్డు వచ్చినా క్యాచర్ విసిరిన బంతితోనే రన్నర్ అవుటైతే, ఆ అవుటే చెల్లుతుంది. బ్యాటర్ ఆట కొనసాగిస్తాడు.

బంతిని కొట్టి పరుగెత్తేటప్పుడు తగిలితే నిర్ణయం ఇంకా కష్టం. 1975 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో సిన్సినాటి రెడ్స్ ఆటగాడు ఎడ్ ఆర్మ్‌బ్రిస్టర్ బంతిని మెల్లగా తాకించి కదలగా, దాన్ని అందుకోవడానికి వచ్చిన బోస్టన్ క్యాచర్ కార్ల్టన్ ఫిస్క్‌కు తగిలాడు. ఫిస్క్ విసిరిన బంతి గురి తప్పింది. అంపైర్ ల్యారీ బార్నెట్ దాన్ని తప్పుగా ప్రకటించలేదు. రెడ్స్ 6-5తో గెలిచింది. ఆ నిర్ణయంపై పెద్ద వివాదమే నడిచింది.

మన ఆటలో మనం ఎంత వేగంగా ఉన్నా, ఎదుటివారికి ఆడే అవకాశం మిగలాలి. ఈ నియమం మనకు నేర్పేది అదే.