పాత ఇంటి గోడమీద చెయ్యి వేసే ముందు

చెన్నై జార్జ్‌టౌన్‌లో మా బంధువుల ఇల్లొకటి ఉంది. వీధివైపు రెండు అరుగులు, లోపల మండువా, పైన పాతకాలపు మిద్దె. ఒక వేసవిలో గోడ పెచ్చులూడుతోందని పాత సున్నమంతా గీకించి సిమెంటు పూయించారు. ఇల్లు పెళ్లివారిల్లులా తయారైంది. దీపావళి వానలకి లోపలి గోడలు చెమ్మెక్కాయి. సంక్రాంతి నాటికి ఆ కొత్త పూత మంచమంత పలకగా ఊడి, ధన్‌మని అరుగుమీద పడింది. రోజూ అక్కడ కూర్చుని పేపరు చదివే తాతగారు ఆ నిమిషంలో కాఫీకని లోపలికి వెళ్లబట్టి బతికిపోయారు.

తర్వాత వచ్చిన ముసలి మేస్త్రీ గోడను వేలితో తట్టి చూసి ఒక్క మాటన్నాడు: “నీళ్లు తాగిన గోడ ఆరాలి కదమ్మగారూ! దారి మూసేస్తే చెమ్మ ఎక్కడికి పోతుంది?”

ఆ పని చేయించే ముందు ఇల్లు వారసత్వ జాబితాలో ఉందేమో ఎవరూ చూడలేదు. చూసి ఉంటే ఓ ఇంజినీరు వచ్చేవాడు, సున్నం పని తెలిసిన మనిషిని పిలవమనేవాడు, పలక పడేదే కాదు. వారసత్వ నిబంధనలంటే మనకు ఆఫీసుల చుట్టూ తిప్పే తంటాగానే కనిపిస్తాయి. కానీ ఇల్లు ఎంత ప్రమాదంలో ఉందో తేల్చే కాగితాలూ, దాన్ని బాగుచేసుకోవడానికి అనుమతి తెచ్చే కాగితాలూ దాదాపు ఒకటే. ఆ ఆలోచనతోనే ఈ సూచనలు.

1. ముందు మీ ఇంటి హోదా తెలుసుకోండి

మౌంట్ రోడ్డు మీద 1897లో కట్టిన భారత్ ఇన్సూరెన్స్ భవనాన్ని 2006లో కూల్చడం మొదలుపెడితే, వారసత్వ కట్టడాల రక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ కోర్టుకెక్కింది. కూల్చకూడదని 2010లో మద్రాస్ హైకోర్టు తీర్పు చెప్పింది. జస్టిస్ పద్మనాభన్ కమిటీ గుర్తించిన 467 కట్టడాలకు రక్షణ దొరికిందీ, చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ (సీఎండీఏ)లో వారసత్వ పరిరక్షణ కమిటీ ఏర్పడిందీ ఆ తీర్పు తర్వాతే. తమాషా ఏమిటంటే, ఆ జాబితా పుట్టింది హోర్డింగుల కేసులో. ఏ భవనాల ముందు ప్రకటన బోర్డులు ఉండకూడదో తేల్చడానికి రాసిన పేర్లే, ఏ భవనాలు కూల్చకూడదో చెప్పే పేర్లయ్యాయి.

చేయవలసినవి
- మీ భవనం సీఎండీఏ వారసత్వ జాబితాలో ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఉంటే ఏ గ్రేడో కూడా అడగండి. సాధారణంగా మొదటి గ్రేడు కట్టడంలో లోపలా బయటా మార్పులకు దాదాపు చోటుండదు. గ్రేడు దిగేకొద్దీ లోపలి మార్పులకు వెసులుబాటు పెరుగుతుంది.
- కొనే ముందే ఈ సంగతి చూసుకోండి. వీలునామా, పన్ను రసీదులతో పాటు ఈ జవాబు కూడా ఫైల్లో ఉండాలి.
- అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లయితే అర్జీ మీద అందరి సంతకాలూ తీసుకోండి. సగం పనులు ఆగేది ఇక్కడే.

చేయకూడనివి
- “మాది ప్రైవేటు ఆస్తి, మాకీ నిబంధన వర్తించదు” అనుకోకండి. జాబితా యజమానిని చూడదు, కట్టడాన్ని చూస్తుంది.
- జాబితాలో పేరు లేదు కదా అని నేరుగా గునపం పట్టుకోకండి. కూల్చడానికి కార్పొరేషన్ అనుమతి ఎలాగూ కావాలి.

2. వంద మీటర్లు, ఆపైన మరో రెండువందలు

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్మారకం దగ్గర మీ స్థలం ఉంటే వేరే చట్టం వర్తిస్తుంది. 1958 నాటి ప్రాచీన స్మారకాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత ప్రాంతం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. సెయింట్ జార్జ్ కోట ఈ కోవలోదే. హైకోర్టు పక్కన పాత లా కాలేజీ ఆవరణలో, ఒకప్పటి మద్రాస్ గవర్నర్ ఎలిహు యేల్ కొడుకు డేవిడ్‌ను పాతిపెట్టిన 17వ శతాబ్దపు సమాధి కూడా ఈ కోవలోదే. ఆ చిన్న సమాధి చుట్టూ ఉన్న వంద మీటర్ల గీత వల్ల హైకోర్టు వాహనాల పార్కింగ్ కట్టడమే వివాదంలో పడింది. న్యాయస్థానానికే అడ్డొచ్చిన గీత మన డాబాకు అడ్డు రాదా?

చేయవలసినవి
- దూరాన్ని రక్షిత ప్రాంతం హద్దు నుంచి కొలిపించండి, స్మారకం గోడ నుంచి కాదు.
- నిషిద్ధ ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు కావాలంటే అర్జీ పెట్టుకోండి. మరమ్మతుకు చట్టంలో దారి ఉంది, కొత్త కట్టడానికి లేదు.
- నియంత్రిత ప్రాంతంలో కొత్తగా కట్టాలన్నా, ఉన్నది బాగుచేసుకోవాలన్నా ముందుగా అనుమతి తీసుకోండి.

చేయకూడనివి
- మరమ్మతుకు అనుమతి తెచ్చుకుని అంతస్తు వేయకండి. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.
- “పక్కవాడు కట్టాడు కదా” అన్నదాన్ని అనుమతిగా లెక్కవేయకండి.

3. సున్నం ఇంటికి సున్నమే

మద్రాస్ టెర్రస్ అని పేరుపడ్డ మిద్దెను ఒకసారి కింది నుంచి తలెత్తి చూడండి. టేకు దూలాలు వరసగా కనిపిస్తాయి. వాటిమీద అరచేతిలో పట్టేంత సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో అతికించి ఉంటారు. ఆపైన ఇటుక జల్లి, సున్నం కలిపి పరిచి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి కొట్టేవారు. అన్నిటికీ పైన చదును పెంకులు. ఇందులో ఇనుము లేదు. బరువంతా దూలాలదే. అందుకే దూలం గోడలోకి దిగే మొన దగ్గర చెమ్మ చేరిందంటే, మిద్దెకు అన్నం పెట్టే చెయ్యే పుచ్చిపోతున్నట్టు.

చేయవలసినవి
- ఏడాదికొకసారి దూలాల మొనలను సుత్తితో మెల్లగా తట్టించండి. గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చినది డొల్లగా పలుకుతుంది. చెద మట్టి గీతలున్నాయేమో చూడండి.
- పూత పనికి గానుగ సున్నం వాడే మేస్త్రీనే వెతకండి. ఆలస్యమైనా ఫరవాలేదు.
- పని మొదలుపెట్టే ముందు ప్రతి గదినీ, తలుపునీ, స్తంభాన్నీ ఫొటో తీసి తేదీ వేయండి. అనుమతికీ పనికొస్తాయి, తర్వాత తగాదాలకూ పనికొస్తాయి.
- దూలం మార్చేటప్పుడు ముందు కింద ఊత నిలబెట్టండి, తర్వాతే పాతది కదిలించండి.

చేయకూడనివి
- మిద్దెమీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టకండి. నిండితే అది టన్ను బరువు.
- కారుతోందని పాత మిద్దెమీద సిమెంటు కాంక్రీటు పొర మీద పొర వేయకండి. కారడం ఆగదు, బరువు మాత్రం పెరుగుతుంది.
- హాలు విశాలంగా ఉంటుందని నడిమి గోడ తీయకండి. ఈ ఇళ్లలో చాలా గోడలు మోతగోడలే.

4. నిప్పు, కరెంటు

1900లో తెరిచిన మూర్ మార్కెట్ 1985 మే నెలలో అగ్నికి ఆహుతైంది. చేపాక్ ప్యాలెస్‌లోని ఖల్సా మహల్ 2012 జనవరిలో తగలబడినప్పుడు మంటలార్పబోయిన అగ్నిమాపక అధికారి ఒకరు ప్రాణం కోల్పోయారు. టేకు మెట్లు, టేకు దూలాలు, కింద బట్టల గోడౌను, మధ్యలో తాతలనాటి వైరింగు ఉన్న ఇల్లు జార్జ్‌టౌన్‌లో వీధికొకటి కనిపిస్తుంది.

చేయవలసినవి
- పాత వైర్లు మార్పించి, షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపే ట్రిప్పరు పెట్టించండి. కొత్త తీగలను గొట్టాల్లో పైపైన నడిపించండి.
- మెట్ల దారి, వీధి తలుపు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. అంతస్తుకొక ఆర్పే సిలిండరుండాలి, దాని గడువు తీరకముందే నింపించాలి.
- 101, 112 నంబర్లను మీటరు పెట్టె పక్కన పెద్ద అక్షరాల్లో రాయండి.

చేయకూడనివి
- వైరింగు కోసం చెక్క నగిషీలనూ సున్నపు పూతనూ చెక్కకండి.
- దూలాల దగ్గర వెల్డింగు చేయించకండి. చేయించక తప్పకపోతే, పనయ్యాక రెండు గంటలు ఒక మనిషిని అక్కడే కాపలా ఉంచండి.
- ఏసీ బరువును పాత చెక్క వసారాకు తగిలించకండి.

5. వానలకు ముందు

చెన్నైకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 వరదలనూ, 2016 వర్దా తుపానునూ చూసిన ఊరికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

చేయవలసినవి
- సెప్టెంబరులోనే మిద్దె తూములు శుభ్రం చేయించి, బకెట్టు నీళ్లు పోసి పారుతున్నాయో లేదో చూడండి.
- గోడలో మొలిచిన రావి మొక్కను వేలెడంత ఉన్నప్పుడే వేరుతో సహా తీయించి, ఆ సందును సున్నంతో పూడ్చండి.
- గోడ కడుపుతో ఉన్నట్టు ఉబికినా, తలుపు హఠాత్తుగా పట్టేసినా ఆ గది ఖాళీ చేసి ఇంజినీరును పిలవండి.

చేయకూడనివి
- బాగా ఎదిగిన రావిని గుంజి పీకకండి. ఇటుకలన్నీ దాంతోపాటే వస్తాయి.
- తుపాను రోజున అరుగు మీద, పిట్టగోడ కింద ఎవరినీ నిలబడనివ్వకండి.

6. పక్క స్థలంలో తవ్వుతుంటే

చేయవలసినవి
- తవ్వకం మొదలయ్యే ముందే మీ గోడల బీటలన్నిటికీ ఫొటోలు తీసి ఆ నకలు బిల్డరుకు ఇచ్చి రసీదు తీసుకోండి.
- బీటమీద అడ్డంగా సన్నటి అద్దపు ముక్కను అతికించి తేదీ రాయండి. అద్దం పగిలిందంటే గోడ కదులుతోందన్నమాట.
- పగిలితే కార్పొరేషన్ 1913 ఫోన్ నంబరుకు ఫిర్యాదు చేసి, రాతపూర్వకంగా కూడా ఇవ్వండి.

చేయకూడనివి
- డబ్బు తీసుకుని నోటిమాటగా ఒప్పుకోకండి.
- బీటను పూడ్చి రంగు వేసి సాక్ష్యం చెరిపేయకండి.

7. “ప్రమాదకర భవనం” నోటీసు వస్తే

చేయవలసినవి
- ముందు మనుషులను ఖాళీ చేయించండి, తర్వాత కాగితాల సంగతి.
- పాత కట్టడాల అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజినీరుతో రాతపూర్వక నివేదిక తీసుకోండి. ఏ భాగం కూలేలా ఉంది, ఏది నిలబెట్టొచ్చు అన్నది అందులో విడివిడిగా ఉండాలి.
- జాబితాలో ఉన్న కట్టడమైతే ఆ నివేదికను వారసత్వ కమిటీ ముందు పెట్టండి.

చేయకూడనివి
- నోటీసును కూల్చివేతకు అనుమతిగా చదవకండి.
- కూలితే పీడ విరగడవుతుందని కావాలని వానకు వదిలేయకండి. అలా వదిలేసిన గోడ మీ మీద పడదు, దారిన పోయేవాడి మీద పడుతుంది.

చెన్నై దాటి చూసినా నిబంధనల సంగతి ఇంతే. హైదరాబాద్‌లో 1995లో వచ్చిన వారసత్వ నిబంధనను 2015లో తొలగించారు. అక్కడి పాత ప్యాలెస్ ఇర్రం మంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసేదాకా ఆ భవనం గాలిలో దీపమే. నిబంధన ఉంటే అర్జీతో సరిపోతుంది. లేకపోతే ప్రతి గోడకూ ఒక కోర్టు కేసు కావాలి.

మళ్లీ చెన్నపట్నానికొస్తే, ఇక్కడ మన తెలుగువాళ్ల గుర్తులు తక్కువేం కాదు. విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో పునాదిరాయి వేసింది విజయనగరం మహారాజు ఆనందగజపతి. దాన్ని కట్టింది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరు 15న కన్నుమూసిన ఇల్లు మైలాపూరు రాయపేట హైరోడ్డులో ఉంది. వాటిని చూడటానికి వెళ్లినప్పుడు గోడమీద పేరు చెక్కకండి, తాడు కట్టిన మెట్లెక్కకండి, పిట్టగోడమీద కూర్చుని ఫొటో దిగకండి.

మా బంధువుల ఇంటి అరుగుమీద ఇప్పుడు మళ్లీ సున్నమే పూశారు. నునుపుగా లేదు, అక్కడక్కడ మేస్త్రీ చేతి గుర్తులు కనిపిస్తాయి. తాతగారు పేపరు తీసుకుని మళ్లీ అక్కడే కూర్చుంటున్నారు.